యూనిట్ మనది, నిష్పత్తి ఎవరిది?

సెల్‌ఫోన్ బ్యాటరీ మీద 5000 ఎంఏహెచ్ అని రాసి ఉంటుంది. మిల్లీ ఆంపియర్-గంటల్లో ఉన్న ఆ లెక్కను 3.6తో హెచ్చిస్తే 18,000 కూలుంబులవుతాయి. గంటకు 3600 సెకన్లు కాబట్టి వచ్చిన 3.6 అది, అందులో విద్యుత్తు గురించిన సమాచారం రవ్వంతైనా లేదు. ఎకరాన్ని నూరు సెంట్లన్నా, 4840 గజాలన్నా పొలం గట్టు జరగదు కదా, ఇక్కడా అంతే. పేరు మారింది, అంకె మారింది, ఆ బ్యాటరీ పారించగల విద్యుదావేశం మారలేదు. ఇంతవరకు ఎవరికీ పేచీ ఉండదు. అయితే ఈ చిన్న సంగతి మీద నిలబడి చాలామంది ఒక పెద్ద తాత్విక నిర్ణయానికి వెళ్తారు. కొలత అంటేనే మనుషుల ఒడంబడిక, అంకె వస్తువులో లేదు, మన పుస్తకంలో ఉంది, కాబట్టి భౌతికశాస్త్రం చెప్పే అంకెల వెనక ఉన్నది మన ఏర్పాటే తప్ప ప్రపంచం కాదు అంటారు. వేదాంత చర్చల్లో ‘అంతా నామరూపాలే’ అన్న మాటను దీనికి తోడు తెచ్చుకునేవారున్నారు. ఆ మాటకు శంకరాద్వైతంలో ఉన్న లోతైన అర్థాన్ని వదిలేసి, అంకెలను కొట్టిపారేయడానికి దాన్ని వాడతారు. ఈ నిర్ణయం తప్పని నా వాదన. తప్పని చూపే సాక్ష్యం దూరాన ఎక్కడో లేదు, విద్యుదావేశపు యూనిట్లలోనే ఉంది. ఆ యూనిట్ల మధ్య మార్పిడులన్నీ ఒక జాతివి కావు. కొన్నింటి గుణకం మన గడియారం నుంచి, మన దశాంశ పద్ధతి నుంచి వస్తుంది. ఒకదాని గుణకం మాత్రం మనం ఎన్నడూ నిర్ణయించని చోటు నుంచి వచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దం వారికి విద్యుదావేశాన్ని పట్టుకోవడానికి రెండు దారులుండేవి. మొదటిది షార్ల్ కూలుంబ్ వేసిన దారి. సన్నని తీగకు వేలాడదీసిన త్రాసులో, ఆ తీగ ఎంత మెలిపడిందో చూసి బలాన్ని లెక్కగట్టి, రెండు ఆవేశాల మధ్య బలం వాటి దూరపు వర్గానికి విలోమంగా ఉంటుందని ఆయన 1785లో చూపాడు. దాని మీద ఆధారపడి ఒక యూనిట్ కట్టుకోవచ్చు: ఒక సెంటీమీటరు ఎడంలో ఉన్న రెండు సమాన ఆవేశాలు ఒకదాన్నొకటి ఒక డైను బలంతో నెట్టుకుంటే ఒక్కొక్కటీ ఒక స్థిరవిద్యుత్ యూనిట్. రెండో దారి 1820లో తెరుచుకుంది. తీగలో కరెంటు పారుతుంటే పక్కనున్న అయస్కాంత సూచి తిరుగుతుందని ఎయిర్‌స్టెడ్ కనిపెట్టాడు. కరెంటు పారే తీగలు రెండు ఒకదాన్నొకటి లాగుకుంటాయని, నెట్టుకుంటాయని ఆంపియర్ చూపాడు. ఆ అయస్కాంత బలంతో కరెంటును కొలిచి, అది ఒక సెకనులో మోసుకుపోయిన ఆవేశాన్ని యూనిట్ చేసుకుంటే విద్యుదయస్కాంత యూనిట్ అవుతుంది. మొదటి దారిలో ఆవేశం కదలకుండా నిలబడి ఉంటుంది, రెండోదానిలో పారుతూ ఉంటుంది. పనిముట్లు వేరు, ఆనవాళ్లు వేరు, లెక్క కట్టే తీరూ వేరు. ఈ రెండు యూనిట్లనూ పొడవు, ద్రవ్యరాశి, కాలం అనే మూడింటితోనే నిర్వచించి ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే మిగిలేది వట్టి అంకె కూడా కాదు. దూరాన్ని కాలంతో భాగించినది మిగులుతుంది, అంటే ఒక వేగం. ఏమిటా వేగం? ఎవరి వేగం? యూనిట్లు కట్టుకున్నవారికి ఆ సంగతి తెలియదు. నిర్వచనాలను ఎంతసేపు తరచి చూసినా అది తెలియదు. ప్రయోగం చేసి తీరాలి.

ఆ ప్రయోగాన్ని విల్‌హెల్మ్ వేబర్, రుడాల్ఫ్ కోల్‌రాష్ 1855, 1856 సంవత్సరాల్లో జర్మనీలో చేశారు. లీడెన్ జాడీలో ఆవేశాన్ని నింపి, అందులో తెలిసిన వంతును ఒక గోళానికి ఇచ్చి, దాన్ని కూలుంబ్ త్రాసుతో తూచారు. మిగిలినదాన్ని గాల్వనోమీటరు గుండా వదిలి సూచి ఎంత ఊగిందో చూశారు. ఒకే జాడీలోని ఆవేశం ఒకసారి స్థిరవిద్యుత్ యూనిట్లలో, ఒకసారి విద్యుదయస్కాంత యూనిట్లలో పలికింది. ఆ రెండింటి నిష్పత్తి సెకనుకు దాదాపు 3,10,740 కిలోమీటర్లు వచ్చింది. ఇక్కడ ఒక సంగతి దగ్గర ఆగాలి. వేబర్ తన సిద్ధాంతానికి అనువుగా పెట్టుకున్న స్థిరాంకం ఈ నిష్పత్తికి రెండు వర్గమూలం రెట్లు పెద్దది, అంటే 4,39,450. ఆయన ముందు కనబడిన అంకె అది. దాన్ని చూస్తే ఎవరికీ కాంతి గుర్తుకు రాదు. ఒడంబడిక ఒక సత్యాన్ని కాసేపు మరుగుపరచగలదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. కానీ మరుగుపరచడం వేరు, తుడిచేయడం వేరు. 1857లో కిర్కాఫ్ తీగలో విద్యుత్ అలజడి సాగే వేగాన్ని లెక్కగడుతూ, అది కాంతివేగానికి దగ్గరగా ఉందని గుర్తించాడు. 1862లో మ్యాక్స్‌వెల్ ఇంకా ముందుకు వెళ్లి, వేబర్-కోల్‌రాష్ నిష్పత్తిని ఫీజో కనుక్కున్న కాంతివేగం పక్కన పెట్టాడు. ఫీజో 1849లో పారిస్ దగ్గర సురేన్ నుంచి మోంమార్త్ వరకు 8,633 మీటర్ల దూరం కాంతిని పంపి, తిరుగుతున్న పళ్లచక్రం సందుల్లోంచి వెనక్కి రప్పించి వేగం తీశాడు. మ్యాక్స్‌వెల్ తీసుకున్న అంకె సెకనుకు 3,14,858 కిలోమీటర్లు. జాడీ దగ్గర కాంతి లేదు, పళ్లచక్రం దగ్గర విద్యుత్తు లేదు. అయినా అంకెలు నూటికి ఒకటిన్నర కన్నా తక్కువ తేడాతో ఒకచోటికి చేరాయి. కాంతి అంటే విద్యుదయస్కాంత తరంగమేనన్న నిర్ణయానికి మ్యాక్స్‌వెల్ అలా వచ్చాడు. పాతికేళ్ల తర్వాత హెర్ట్జ్ ఆ తరంగాలను ప్రయోగశాలలో పుట్టించి చూపాడు. ఇవాళ మన రేడియోలు, ఫోన్లు నడిచేది ఆ నిర్ణయం మీదే. మరోలా చెబితే, ఒక యూనిట్‌ను మరో యూనిట్‌లోకి మార్చే గుణకం ఎంతో తెలుసుకోబోయినవారి చేతికి కాంతి స్వభావం చిక్కింది. సెంటీమీటరు, గ్రాము, సెకను అనే మూడింటినీ మనుషులే ఎంచుకున్నారు. కానీ ఆ ఎంపికలో కాంతి ప్రసక్తి లేదు. మనం పెట్టనిది మన లెక్కలోంచి బయటికి వచ్చిందంటే, అది లెక్కకు బయట ఉన్నదానిదే అయి ఉండాలి.

భారతీయ దర్శనాల్లో ఈ ప్రశ్న పాతదే. ప్రాచీనులకు విద్యుదావేశం తెలుసని చెప్పడం నా ఉద్దేశం కాదు. అలాంటి మాటలు శాస్త్రానికీ దర్శనానికీ రెండింటికీ అన్యాయం చేస్తాయి. వారికి తెలిసింది ప్రశ్న, దాన్ని వారు మనకన్నా పదునుగా అడిగారు. ఒకే విషయాన్ని వేర్వేరు ప్రమాణాలు, అంటే తెలుసుకునే సాధనాలు, పట్టుకోగలవా? పట్టుకోగలవన్నారు నైయాయికులు. దూరాన నిప్పుందని నమ్మదగినవాడు చెబితే తెలుసుకుంటాం, కొంత దగ్గరికి పోతే పొగను చూసి అనుమానంతో, అంటే హేతువును బట్టి ఊహించి, తెలుసుకుంటాం, ఇంకా దగ్గరికి పోతే కంటితోనే చూస్తాం. మూడు ప్రమాణాలు, నిప్పు ఒక్కటేనని వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో వివరించాడు. దీనికి ప్రమాణసంప్లవం అని పేరు. అన్ని విషయాల్లోనూ ఇది కుదరదని, కొన్ని ఒక్క ప్రమాణానికే అందుతాయని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు దీన్ని పూర్తిగా కాదన్నాడు. ప్రత్యక్షానికి అందేది స్వలక్షణం, అంటే ఆ క్షణంలో ఆ ఒక్కటిగా ఉన్నది. అనుమానానికి అందేది సామాన్యలక్షణం, అంటే బుద్ధి కల్పించుకున్న సాధారణ రూపం. ప్రమాణాలు రెండే, ఎందుకంటే తెలియదగినవి రెండే. ఒకదాని విషయం మరొకదానికి అందదు. ఇది ప్రమాణవ్యవస్థ. దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథాన్ని ఆంధ్రదేశంలో, వేంగి దగ్గరి కొండ మీద రాశాడని హ్యూయాన్ త్సాంగ్ యాత్రావృత్తాంతంలో ఉంది కాబట్టి, ఈ వివాదంలో ఒక పక్షం మన గడ్డకు మరీ పరాయిది కాదు. అవతలి పక్షంలో తర్కసంగ్రహ కర్త, తెలుగువాడని పండితులు చెప్పే అన్నంభట్టు ఉన్నాడు. ఆయన లెక్కించిన 24 గుణాల్లో సంఖ్య, పరిమాణం కూడా ఉన్నాయి. కొలవడమనే వ్యవహారం మనదే అయినా, దానికి అసాధారణ కారణం వస్తువులోనే ఉన్న గుణమని ఆ సంప్రదాయం పట్టుదల.

దిఙ్నాగుడి వైపు నుంచి వచ్చే అభ్యంతరం చిన్నదేమీ కాదు. మీరు త్రాసుతో కొలిచినది ఒకటి, గాల్వనోమీటరుతో కొలిచినది మరొకటి. రెండింటికీ ‘ఆవేశం’ అన్న ఒకే పేరు తగిలించి, ఒకదాన్ని మరొకదానిలోకి మార్చామంటున్నారు. ఆ ఏకత్వం వస్తువుది కాదు, మీ బుద్ధిది అనవచ్చు. 1830ల దాకా ఈ సందేహం శాస్త్రజ్ఞుల్లోనే ఉండేది. పట్టుగుడ్డతో గాజును రుద్దితే వచ్చే విద్యుత్తు, వోల్టా ఘటంలోంచి వచ్చేది, అయస్కాంతంతో పుట్టించేది, వేడితో పుట్టేది, టార్పీడో చేప ఒంట్లోంచి తగిలేది ఒకటేనా, వేర్వేరా అన్న చర్చ నిజంగానే జరిగింది. మైకేల్ ఫారడే 1833లో వాటినన్నింటినీ ఒక్కొక్క ఫలితం చొప్పున పోల్చి చూశాడు: సూచిని తిప్పుతుందా, రసాయన వియోగం చేస్తుందా, శరీరానికి షాక్ ఇస్తుందా, నిప్పురవ్వ రాలుస్తుందా, వేడి పుట్టిస్తుందా. తేడాలు తీవ్రతలో, పరిమాణంలో తప్ప జాతిలో లేవని తేల్చాడు. దీని తార్కిక రూపం గమనించాలి. ఆవేశం ఒకటేనని ఫారడే కంటితో చూడలేదు, ఎవరూ చూడలేరు, అది అనుమానం. అనుమానానికి అందేది సామాన్యమే కదా అని దిఙ్నాగుడి అనుయాయి అంటే ఒప్పుకుందాం. కానీ ఆ సామాన్యం బుద్ధి కల్పనే అయితే, గాజు మారినా, లోహం మారినా, చేప బదులు ఘటం పెట్టినా, రెండు కొలతల మధ్య నిష్పత్తి మాత్రం ఎందుకు మారడం లేదు? కల్పించిన బుద్ధికి ఆ నిష్పత్తి ముందుగా తెలియదు. తెలియనిదాన్ని బుద్ధి అంత ఖచ్చితంగా కల్పించగలదని చెప్పడం, ఆవేశం ఒకటేనని ఒప్పుకోవడం కన్నా పెద్ద భారం. బౌద్ధులే, ముఖ్యంగా ధర్మకీర్తి, పని చేయగలగడమే సత్తుకు గుర్తన్నారు. ఆ కొలబద్దతోనే చూసినా త్రాసును మెలితిప్పేది, సూచిని ఊపేది, ద్రావణంలోంచి వెండిని పేర్చేది తప్పక సత్తే అవుతుంది.

అంతకన్నా బలమైన సమాధానం కొలతలు కలిసిన చోట కాదు, కలవని చోట దొరుకుతుంది. 1908లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆంపియర్‌కు ఒక ఆచరణయోగ్యమైన నిర్వచనం ఇచ్చింది: సిల్వర్ నైట్రేట్ ద్రావణంలోంచి సెకనుకు 0.001118 గ్రాముల వెండిని పేర్చే కరెంటు ఒక ఆంపియర్. తీగల మధ్య బలంతో వచ్చే ఆంపియర్‌తో ఇది సరిగ్గా కలవాలన్నది వారి ఉద్దేశం. కలవలేదు. తేడా పదివేలలో ఒకటిన్నర వంతు. 1948లో పాత యూనిట్లకు స్వస్తి చెప్పినప్పుడు ఒక అంతర్జాతీయ ఆంపియర్ అంటే 0.99985 ఆంపియర్ అని మార్పిడి ప్రకటించాల్సి వచ్చింది. ఇక మిల్లికన్ నూనె బిందువుల కథ ఇంకా పెద్దది. గాలిలో ఆ బిందువుల కదలికను బట్టి, ఎలక్ట్రాన్ మీది ఆవేశం 4.774 × 10⁻¹⁰ స్థిరవిద్యుత్ యూనిట్లని ఆయన 1913లో ప్రకటించాడు. దాన్ని కూలుంబుల్లోకి మార్చితే 1.592 × 10⁻¹⁹ వస్తుంది. మార్పిడిలో తప్పేమీ లేదు, కానీ తప్పు ఉన్నది ఉన్నట్టే కొత్త యూనిట్లలోకి కూడా నడిచి వచ్చింది, ఎందుకంటే గాలి చిక్కదనానికి ఆయన వాడిన విలువ కొంచెం తక్కువ. ఏళ్ల తరబడి ఎవరూ పట్టుకోలేదు. పూర్తిగా వేరే దారిలో, ఎక్స్‌కిరణాల తరంగదైర్ఘ్యాలతో స్ఫటికాల్లో పరమాణువుల ఎడాన్ని కొలిచి, దాని నుంచి అవగాడ్రో సంఖ్యను, దాని నుంచి ఎలక్ట్రాన్ ఆవేశాన్ని రాబట్టినవారికి 4.80 దగ్గర విలువ వచ్చింది. రెండూ పోట్లాడుకున్నాయి. 1930లలో గాలి చిక్కదనాన్ని మళ్లీ కొలిచి దోషాన్ని సవరించాక రెండు దారులూ ఒకటయ్యాయి. ఇప్పుడు దిఙ్నాగ పక్షాన్ని అడగాల్సిన ప్రశ్న ఇది: నూనె బిందువుల విషయం ఒకటి, స్ఫటికాల విషయం మరొకటి అయితే, 4.774కూ 4.80కీ మధ్య వైరుధ్యం ఎక్కడి నుంచి వచ్చింది? వేర్వేరు విషయాల గురించిన రెండు వేర్వేరు అంకెలు పక్కపక్కన హాయిగా ఉండవచ్చు, ఎవరినీ సవరించాల్సిన పని లేదు. విరోధం రావాలంటేనే విషయం ఒకటి కావాలి. ప్రమాణవ్యవస్థను గట్టిగా పట్టుకుంటే ఒక ప్రమాణం మరొకదాన్ని సమర్థించలేకపోవడం మాత్రమే కాదు, తప్పు పట్టడం కూడా సాధ్యం కాదు. తప్పు పట్టడం శాస్త్రంలో నిత్యం జరుగుతున్న పని కాబట్టి, సంప్లవం కేవలం ఒక అభిప్రాయం కాదు, దిద్దుబాటు అనే వ్యవహారానికే ఆధారం.

నైయాయికులు ఇక్కడితో ఆగలేదు. కంటితో చూసినదాన్నే చేత్తో తాకుతున్నానన్న జ్ఞానం కన్నుదీ కాదు, చేతిదీ కాదు కాబట్టి, ఇంద్రియాలకు వేరుగా ఆత్మ ఉందని న్యాయసూత్రాల మూడో అధ్యాయం వాదిస్తుంది. ఆ మెట్టు నేను ఎక్కను. త్రాసునూ గాల్వనోమీటరునూ కలిపి చూసే బుద్ధి ఒకటి కావాలన్నది నిజం; ఆ బుద్ధి నిత్యమైన ఆత్మ గుణమా, ఎడతెగని జ్ఞానసంతానమా అన్నది లీడెన్ జాడీ తేల్చలేదు. నా వాదనకు కావలసింది చూసేవాడి ఏకత్వం కాదు, చూడబడినదాని ఏకత్వం.

భౌతికశాస్త్రం తెలిసినవారు వేరే వైపు నుంచి అభ్యంతరం చెబుతారు, అది ఇంకా గట్టిది. కాంతివేగాన్ని ఒకటి అనుకుంటే ఆ గొప్ప మార్పిడి గుణకం మాయమైపోతుంది కదా? సిద్ధాంతకారులు రోజూ చేసే పనే అది. పైగా గాసియన్ పద్ధతిలో ఆవేశానికి పొడవు, ద్రవ్యరాశి, కాలాలతోనే కొలతరూపం వస్తుంది. ఎస్‌ఐ పద్ధతిలో కరెంటు విడిగా నాలుగో మూలరాశి. ఒకే ఆవేశానికి ఒకచోట ఒక స్వరూపం, మరొకచోట మరో స్వరూపం అయితే, ఆ స్వరూపం వస్తువుదని ఎలా అంటారు? ఈ అభ్యంతరంలో సగం నిజం, ఆ సగాన్ని మనసారా ఒప్పుకోవాలి. కొలతరూపం మన ఏర్పాటే. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లన్న అంకె కూడా కిలోమీటరు, సెకను ఎంతెంత ఉండాలో మనం పెట్టుకోవడం వల్ల వచ్చిందే. కానీ కాంతివేగాన్ని ఒకటి చేసినప్పుడు సత్యం మాయం కాలేదు, చోటు మారింది. పొడవునూ కాలాన్నీ ఒకే యూనిట్‌లో కొలుస్తామని అప్పుడు ఒప్పుకున్నాం. అలా ఒప్పుకోవచ్చునని ఎలా తెలిసింది? ప్రకృతిలో అందరికీ ఒకటే అయిన వేగం ఒకటి ఉందని తెలియడం వల్ల. ధ్వనివేగాన్ని ఒకటి అనుకుని ఎవరూ ప్రపంచాన్ని సరళం చేయలేకపోయారు, ఎందుకంటే అది గాలిలో ఒకటి, నీటిలో ఒకటి. ఏ యూనిట్లు పెట్టుకున్నా కరగనిది ఇంకొకటి ఉంది: ఎలక్ట్రాన్ ఆవేశం, కాంతివేగం, ప్లాంక్ స్థిరాంకం కలిసి ఇచ్చే సూక్ష్మరచనా స్థిరాంకం. దానికి యూనిట్ లేదు. విలువ సుమారు 1/137.036. గాసియన్‌లో లెక్కించినా అంతే, ఎస్‌ఐలో లెక్కించినా అంతే, మనకు పరిచయం లేని లోకంలో ఎవరైనా తమ గజాలతో, ఘడియలతో లెక్కించినా అంతే. వైశేషికంలో ప్రశస్తపాదుడు ద్విత్వం గురించి చెప్పిన మాట ఇక్కడ గొప్పగా అతుకుతుంది. రెండు అనే సంఖ్య అపేక్షాబుద్ధి లేనిదే పుట్టదు, అంటే ‘ఇది ఒకటి, ఇది ఒకటి’ అని కలిపి చూసే మనసు కావాలి. అయినా ఆ రెండు ఉండేది వస్తువుల్లోనే. నిష్పత్తి కూడా అలాంటిదే. పక్కపక్కన పెట్టి పోల్చేవాడు లేకపోతే అది ఉదయించదు, ఉదయించాక దాని విలువ పోల్చేవాడి చేతిలో లేదు. మనసు పుట్టించింది కాబట్టి మనసుదే అనడం ఒక తొందరపాటు. వస్తువులో ఉంది కాబట్టి మనసుకు పాత్ర లేదనడం ఇంకొకటి.

ఇటీవలి చరిత్ర మరో సందేహానికి తావిచ్చింది. 2018 నవంబరు 16న వెర్సాయ్‌లో దేశాల ప్రతినిధులు ఓటు వేసి, 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశపు పరిమాణం సరిగ్గా 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులని నిర్ణయించారు. ప్రకృతి స్థిరాంకాన్ని ఓటుతో స్థిరపరచగలిగితే, అది ఒడంబడిక కాక ఇంకేమిటి? పైకి ఇది గెలిచినట్టే కనబడే వాదన, కానీ వారు స్థిరపరచింది ఎలక్ట్రాన్‌ను కాదు, కూలుంబ్‌ను. 1948 నుంచి ఆంపియర్ నిర్వచనం ఒక మీటరు ఎడంలో ఉన్న రెండు పొడవాటి తీగల మధ్య బలం మీద నిలిచి ఉండేది; అప్పుడు తీగలు కచ్చితం, ఎలక్ట్రాన్ ఆవేశం కొలవాల్సినది, దానితోపాటు కొంత అనిశ్చితి. ఇప్పుడు ఎలక్ట్రాన్ కచ్చితం, తీగల మధ్య బలం కొలవాల్సినది. అనిశ్చితి పోలేదు, ఇక్కడి నుంచి అక్కడికి జరిగింది. దీని ఫలితంగా జరిగిన ఒక మార్పు గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, నాకైతే ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా అర్థవంతమైనది అదే. 2019కి ముందు ఒక కూలుంబ్ అంటే సరిగ్గా 2,99,79,24,580 స్థిరవిద్యుత్ యూనిట్లకు సమానం. అది నిర్వచనంతో వచ్చిన అంకె, అందులో ఒక్క అంకె కూడా కదలదు. ఇప్పుడు అది కచ్చితం కాదు. వెయ్యి కోట్లలో ఒక వంతు స్థాయిలో అందులో అనిశ్చితి ఉంది, ఎందుకంటే ఆ మార్పిడి ఇప్పుడు సూక్ష్మరచనా స్థిరాంకం మీద ఆధారపడుతుంది, దాన్ని ప్రయోగశాలలో కొలవాల్సిందే. ఒక యూనిట్‌ను మరో యూనిట్‌లోకి మార్చడానికి కొలత కావాలి, ఆ కొలత రేపు ఇంకొంచెం మెరుగుపడవచ్చు. ఎకరాలు, గజాల మార్పిడిని ఎవరూ ఏ ప్రయోగశాలలోనూ మెరుగుపరచలేరు. ఆ ఓటు వేసినవారు ప్రకృతి మాటను తమ మాటగా ప్రకటించలేదు. తమ చేతిలో ఉన్నదాన్ని మాత్రమే నిర్ణయించి, మిగిలినదాన్ని ప్రయోగానికి వదిలారు.

అయితే ఎలక్ట్రాన్ ఆవేశమే ప్రకృతి స్వయంగా వేసుకున్న యూనిట్ అని, దాంతో యూనిట్ కూడా మనది కాకుండా పోయిందని కొందరు ఉత్సాహపడతారు. అంత దూరం నేను వెళ్లను. ప్రోటాన్‌లోని క్వార్కుల ఆవేశాలు ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడో వంతు, మూడింట రెండు వంతులు. అవి విడిగా బయట దొరకవు కానీ, లెక్కలో వాటి స్థానం స్థిరం. 1982లో కనిపెట్టిన భిన్న క్వాంటం హాల్ ఫలితంలో కరెంటును మోసేది ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడో వంతు గుత్తులని 1997లో ఫ్రాన్స్‌లోనూ ఇజ్రాయెల్‌లోనూ విద్యుత్ రొదను కొలిచి చూపారు. కాబట్టి ఎలక్ట్రాన్‌ను ఒకటిగా పెట్టుకోవాలా, క్వార్కు మూడో వంతును ఒకటిగా పెట్టుకోవాలా అన్నది ఇప్పటికీ మన ఇష్టమే. ఏది పెట్టుకున్నా వాటి మధ్య మూడు రెట్ల సంబంధం మాత్రం మన ఇష్టం మీద లేదు. వైశేషికులతో ఒక విభేదం కూడా ఇక్కడే చెప్పాలి: ప్రతి పరమాణువులోనూ దాన్ని దాని తోటివాటి నుంచి వేరుచేసే ‘విశేషం’ ఉంటుందని వారన్నారు, ఎలక్ట్రాన్లలో అలాంటిదేమీ లేదు, ఒకటి మరొకదానితో ఏ విధంగానూ తేడా లేనిది. ఆవేశాన్ని లెక్కబెట్టడం సాధ్యమైందే అందువల్ల. ఇంతకన్నా విచిత్రమైన నిష్పత్తి ఇంకొకటి ఉంది. ప్రోటాన్, ఎలక్ట్రాన్ రెండూ బరువులో 1836 రెట్ల తేడా ఉన్నవి, లోపలి నిర్మాణంలో పోలిక లేనివి. వాటి ఆవేశాల పరిమాణాలు మాత్రం 10²¹లో ఒక వంతు స్థాయి దాకా కొలిచి చూసినా సమానం. చెప్పుకోదగ్గ తేడా ఉంటే ప్రతి పరమాణువు మీదా కొంత ఆవేశం మిగిలిపోయి, బండలూ సముద్రాలూ మనుషులూ నిలిచేవి కావు. కూలుంబుల్లో రాసినా, స్థిరవిద్యుత్ యూనిట్లలో రాసినా, ఆంపియర్-గంటల్లో రాసినా ఆ నిష్పత్తి ఒకటే, గుర్తు మాత్రం వ్యతిరేకం. ఏది ధనం, ఏది ఋణం అన్నది పద్దెనిమిదో శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టిన పేరు. ఆ ‘ఒకటి’ని మాత్రం ఎవరూ పెట్టలేదు. అది అలా ఎందుకుండాలో కణభౌతికశాస్త్రపు స్టాండర్డ్ మోడల్ పాక్షికంగానే చెప్పగలుగుతోంది. పూర్తి కారణం కోసం వెతుకులాట ఇంకా సాగుతోంది.